వెంటిలేటర్‌పై ఉన్న పాప శ్వాసగొట్టంలో ఏలిక పాము: ముందే పసిగట్టడం ఎలా?

ప్రశ్న (పిల్లల ఐసీయూ, జూనియర్ వైద్యురాలు):
మెదడువాపుతో చేరి వెంటిలేటర్‌పై ఉన్న నాలుగేళ్ల పాపకు మూడో రోజు రాత్రి ఉన్నట్టుండి ఆక్సిజన్ శాతం పడిపోయింది. పీడనం పెరిగిందని యంత్రం అలారం మోగిస్తోంది, కఫం లాగే సక్షన్ గొట్టం సగం దాకా కూడా దిగడం లేదు. కఫం గడ్డకట్టిందనుకుని ఊపిరి కోసం వేసిన ట్యూబు తీసి చూస్తే అందులో ఏలిక పాము (పేగుల్లో ఉండే పొడవాటి గుండ్రని పురుగు) ఇరుక్కుని ఉంది. కొత్త ట్యూబు వేశాక పాప తేరుకుంది గానీ, ఆ కొద్ది నిమిషాలు నన్నింకా వదలడం లేదు. దీన్ని ముందే పసిగట్టగలమా? చేరిన రోజే నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇవ్వవచ్చా?

జవాబు (మత్తు వైద్యుడు):
అమ్మా, మీరు ట్యూబు తీయడమే పాపను కాపాడింది. ఏలిక పాముకు పేగుగోడను పట్టుకునే కొక్కేలు లేవు. నిరంతరం ఎదురీదుతూ నిలబడే జీవి కనుక, జ్వరం వచ్చినా మత్తుమందు తగిలినా చోటు మారి, కడుపు మీదుగా అన్నవాహికలోకి, అక్కడినుంచి గొంతులోకి పాకగలదు. నాలుగేళ్ల బిడ్డకు వేసే ట్యూబు లోపలి వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లు, ఆడపాము మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లు, ట్యూబు మూసుకుపోవడానికి ఒక్కటి చాలు. సక్షన్ దిగనప్పుడు బలంగా నెట్టకండి. ట్యూబు తీసి, లారింగోస్కోపుతో (గొంతు లోపల చూసే దీపపు పరికరం) గొంతంతా చూసి, మరొకటి కనిపిస్తే మెగిల్ ఫోర్సెప్స్‌తో (గొంతులోకి వెళ్లే వంపు పట్టకారు) తీసి, మాస్కుతో ఊపిరి అందిస్తూ కొత్త ట్యూబుకు సిద్ధం కండి.

జవాబు (పిల్లల వైద్యురాలు):
ఆల్బెండజోల్ విషయంలో నేను తొందరపడను. అది పురుగుకు గ్లూకోజు అందకుండా చేసి నెమ్మదిగా చంపే మందు కనుక అత్యవసర ఘడియలో అక్కరకు రాదు. పైగా పేగులు కదలక పొట్ట ఉబ్బిన బిడ్డలో పురుగులు ఉండకట్టి అడ్డుపడే భయం ఉంది. బిడ్డ స్థిమితపడి, కడుపులోకి వేసిన గొట్టం ద్వారా ఇచ్చే పాలు అరుగుతున్నప్పుడు 400 మిల్లీగ్రాములు, రెండేళ్ల లోపు వారికి 200 ఇస్తాను. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ అయితే మాత్రం మత్తు ఇచ్చే రోజుకు చాలా ముందే ఇవ్వడం మేలు.

జవాబు (స్టాఫ్ నర్సు):
మేడమ్, మా వార్డులో బిడ్డను చేర్చుకునేటప్పుడే వాంతిలోగానీ మలంలోగానీ పురుగు పడిందా అని తల్లిని అడిగి కేసు షీటులో రాస్తాము. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారా అని కూడా అడుగుతాము. నోట్లో సక్షన్ చేసేటప్పుడు పురుగు కనిపిస్తే వెంటనే డాక్టరు గారికి చెబుతాము.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయం పాప తల్లిని అడిగాను. ఆసుపత్రికి తెచ్చే ముందురోజు వాంతిలో ఒక పాము పడిందట. మేము అడగలేదు కనుక ఆమె చెప్పలేదు.