జూలీ కుటుంబంతో రోమ్ మీదికి ఎప్పుడు వెళ్ళాలి? మేరియస్ సంస్కరణలకు ముందా, తర్వాతా?

అర్రేటియం_వాసి:
రోమ్: టోటల్ వార్ అనే కంప్యూటర్ ఆట మళ్ళీ మొదలుపెట్టాను, 2004లో వచ్చిన పాతదే. నాది జూలీ కుటుంబం, ఆటలోని మూడు రోమన్ కుటుంబాల్లో ఒకటి (మిగతావి బ్రూటీ, స్కిపీ). క్రీ.పూ. 270లో అర్రేటియం, అరిమినం అనే రెండు ఊళ్ళతో మొదలై, క్రీ.పూ. 236కి 17 ప్రావిన్సుల దాకా వచ్చాను. అర్రేటియం జనాభా 21,400. అది 24,000కి చేరితే ఇంపీరియల్ ప్యాలెస్ కట్టొచ్చు. ఇటలీలో రోమన్ కుటుంబాల్లో ఎవరు కట్టినా మేరియస్ సంస్కరణలు, అంటే పాత సైన్యం బదులు కొత్త రకం సైన్యం, వచ్చేస్తాయని మీకు తెలిసిందే. ఇంకోపక్క సెనేట్‌కి నా మీద కోపం పెరుగుతోంది, ప్రజల్లో మాత్రం మంచి పేరుంది. ఇప్పుడున్న హస్తాటీ (ముందు వరుస కాల్బలం), ప్రిన్సిపేలతోనే (రెండో వరుస) సెనేట్ చేతిలోని రోమ్ మీదికి పోనా, లీజనరీలు (సంస్కరణల తర్వాతి కాల్బలం) వచ్చేదాకా ఆగనా? రెండు రోజులుగా ఎండ్ టర్న్ (ఈ వంతు ముగించే మీట) నొక్కలేదు.

మూడో_వరుస:
ఆగకండి, ఇప్పుడే వెళ్ళండి. ఆలస్యం అమృతం విషం అన్న మాట ఈ ఆటకి అచ్చంగా సరిపోతుంది.

సంస్కరణలంటే మనకి కొత్త సైన్యం వస్తుందనే అందరూ లెక్కేసుకుంటారు. వచ్చేది మనకొక్కరికే కాదు కదా. బ్రూటీలకీ స్కిపీలకీ సెనేట్‌కీ అదే రోజు వస్తుంది. గాల్ వాళ్ళ మీద లీజనరీలు దిగితే మీకు లాభమే, వాళ్ళ దగ్గర అవి ఉండవు కాబట్టి. రోమ్ మీదికి వెళ్ళేటప్పుడు ఎదుటివాడి చేతిలోనూ అదే కత్తి ఉంటుంది. పోయిన క్యాంపెయిన్‌లో నేను ఆగాను. రోమ్ గోడ ఎక్కేసరికి ఎదురుగా అర్బన్ కోహార్టులు, సంస్కరణల తర్వాత వచ్చే గట్టి కాల్బలం. ఆరు యూనిట్లు ఒకే గోడ మీద కరిగిపోయాయి.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. సంస్కరణలు వచ్చాక పాత హస్తాటీ, ప్రిన్సిపే, ట్రయారీలని (మూడో వరుస ఈటెలవాళ్ళు) రీట్రెయిన్ చేయడం, అంటే పోయినవాళ్ళ చోట కొత్తవాళ్ళని నింపడం, కుదరదు. 30 ఏళ్ళు గాల్‌లో కొట్టుకుని వెండి చెవ్రాన్లు (అనుభవం గుర్తులు) తెచ్చుకున్న యూనిట్లో 43 మంది మిగిలితే ఆ 43 మందే, ఒక్కరిని కూడా కొత్తగా కలపలేరు. పాత యూనిట్లని ఒకదాంట్లో ఒకటి కలుపుకుంటూ పోవడమే. ఇవాళైతే అదే యూనిట్‌ని అర్రేటియంలో ఒక టర్ను ఉంచితే నిండిపోతుంది.

ఓపికున్న_లెగాటస్:
మూడో_వరుస గారి మాటలో నిజం ఉంది. అయినా నేను ఆగమనే చెబుతాను. అంతర్యుద్ధమంటే రోమ్ ఒక్క ఊరు కాదు. మొదలైన మర్నాటి నుంచి ముగ్గురూ మీకు శత్రువులే. ఈపాటికి బ్రూటీలు గ్రీస్ మింగేసి డబ్బుతో ఉంటారు, స్కిపీలకి సిసిలీ, ఆఫ్రికా, పైగా ఓడలు. మీ 17 ప్రావిన్సుల్లో సగం గాల్ ఊళ్ళే. అవి చిన్నవి, ఆదాయం తక్కువ, సంస్కృతి తేడా వల్ల రోజూ అలజడే.

సంస్కరణలకు ముందు మన గుర్రాల సంగతి కూడా చూడండి. ఉన్నది ఈక్విటీస్, వాళ్ళు పారిపోయేవాళ్ళని తరమడానికి తప్ప పనికిరారు. విలుకాళ్ళదీ అంతే. తర్వాతైతే ఆగ్జిలియా విలుకాళ్ళు, లీజనరీ గుర్రాలు వస్తాయి. కోహార్టులు (లీజనరీ దళాలు) టెస్టూడో (డాళ్ళన్నీ కలిపిన కప్పు) కట్టి బాణాల కిందనుంచే గేటు దాకా నడిచిపోతాయి. ఒక్క రకం కాల్బలంతో అన్ని పనులూ అవుతాయి. నాలుగు టర్నుల పని కోసం నలభై టర్నుల కష్టం నెత్తిన వేసుకోవద్దు.

పచ్చ_బ్రూటీ:
నేను ఎప్పుడూ బ్రూటీలే ఆడతాను, జూలీల మీద పెద్ద అనుభవం లేదు. ఒక్క మాట. 24,000 కోసం ఎదురుచూస్తూ పొలాలు, సెరీస్ (పంటల దేవత) గుడి పెంచుకుంటూ పోతే ఊరు కంపు కొడుతుంది. స్క్వాలర్ (మురికి) ఎక్కి ప్రజలు తిరగబడతారు, సైన్యం సగం ఊరి కాపలాకే పోతుంది. జనాభా తొందరగా కావాలంటే వేరే ఊళ్ళో పెజెంట్స్‌ని (రైతు దళాలని) రిక్రూట్ చేసి అర్రేటియం తీసుకొచ్చి రద్దు చేయండి. యూనిట్ సైజు హ్యూజ్ సెట్టింగులో ఒక్కో యూనిట్‌కి 240 మంది ఆ ఊరి జనాభాలో కలుస్తారు. ఆగాలనుకున్నా, వద్దనుకున్నా పనికొస్తుంది.

మూడో_వరుస:
లెగాటస్ గారూ, పాత సైన్యాన్ని మీరు మరీ తక్కువ చేస్తున్నారు. రోమ్ గెలిచిన పెద్ద యుద్ధాలు చూడండి. క్రీ.పూ. 202లో జామా దగ్గర హానిబల్‌ని ఓడించింది ఈ మూడు వరుసల సైన్యమే. 197లో సైనోసెఫలే దగ్గర ఒక ట్రిబ్యూన్ (సైన్యాధికారి) 20 మానిపుల్స్‌ని (చిన్న దళాలని) తీసుకుని మాసిడోనియా ఫాలాంక్స్ (పొడవాటి ఈటెల బారు) వెనకవైపుకి చుట్టి వచ్చాడు, అక్కడితో వాళ్ళ రాజు ఫిలిప్ పని అయిపోయింది. 168లో పిడ్నా కూడా అంతే. మేరియస్ అప్పటికి పుట్టనేలేదు.

ఆటలో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. హస్తాటీలని ముందు నిలబెట్టి గార్డ్ మోడ్ (ఉన్నచోటే నిలబడటం) పెట్టండి, ఫైర్ ఎట్ విల్ (వాళ్ళంతట వాళ్ళే విసరడం) ఆన్‌లో ఉంచండి. శత్రువు దగ్గరికొచ్చేలోపు పైలాలు (విసిరే ఈటెలు) పడతాయి, తాకిడికి ముందే వాళ్ళ ముందు వరుస పలచబడుతుంది. హస్తాటీలు వణుకుతున్నారని జెండా మెరిసేలోపు ప్రిన్సిపేలని సందుల్లోంచి కాదు, పక్కనుంచి దించండి. సందుల్లోంచి పంపితే రెండు యూనిట్లూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఎవరూ సరిగా కొట్టలేరు. ట్రయారీలు గుర్రాల కోసం, వాళ్ళని చివరిదాకా కదపకండి. పని ట్రయారీల దాకా వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని రోమన్లే అనుకునేవారు.

పైలం_మేకు:
చరిత్ర వైపు నుంచి కొంచెం. ‘మేరియస్ సంస్కరణలు’ అని ఒక్క రోజున తలుపు తెరుచుకున్నట్టు జరగలేదు. క్రీ.పూ. 107లో జుగుర్తా యుద్ధానికి రోమన్ సేనాని మేరియస్ ఆస్తి లేనివాళ్ళని కూడా సైన్యంలో చేర్చుకున్నాడు, నిజమే. కానీ సైన్యంలో చేరడానికి కావలసిన ఆస్తి హద్దు అంతకుముందే తగ్గుతూ వచ్చింది. కోహార్టులు కూడా కొత్తవి కావు, 206లో ఇలిపా దగ్గర స్కిపియో సైన్యంలోనే కోహార్టుల మాట చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. 101లో వెర్సెల్లే దగ్గర మేరియస్ పైలానికి ఉన్న రెండు ఇనుప మేకుల్లో ఒకటి తీసి కొయ్య మేకు పెట్టించాడని ప్లూటార్క్ చెబుతాడు, డాలులో దిగాక అది విరిగి వేలాడేలా. నా పేరు అక్కడిదే. ఇదంతా ఒకేసారి జరిగిందని ఇప్పటి చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. ఆటలో మాత్రం ఒక్క భవనంతో అన్నీ మారిపోతాయి. అందుకే ఇక్కడ ఈ గొడవ.

అర్రేటియం_వాసి గారికి ఒకటి చెప్పాలి. క్రీ.పూ. 49 జనవరిలో సీజర్ రూబికాన్ నది దాటి రోమ్ మీదికి బయల్దేరినప్పుడు వెంట ఉన్నది ఒక్క లీజన్, పదమూడోది. దాటగానే పట్టుకున్న ఊరు అరిమినం. అక్కడినుంచి ఆంటొనీకి ఐదు కోహార్టులిచ్చి పంపింది అర్రేటియంకి. మీరు మొదలుపెట్టిన రెండు ఊళ్ళూ అవే. మిగతా లీజన్లన్నీ గాల్ నుంచి వచ్చేదాకా కూర్చుని ఉంటే అతని ప్రత్యర్థి పాంపే ఇటలీలో సైన్యం పోగేసుకునేవాడు.

ఓపికున్న_లెగాటస్:
సీజర్ పక్కన ఉన్నది గాల్‌లో ఆరితేరిన లీజన్ అండీ, హస్తాటీలు కాదు. అయినా వేగం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నా మాట ఇంకొంచెం మార్చుకుంటున్నాను. వెళ్ళేటట్టయితే రోమ్ ఒక్కదాని మీదికి వెళ్ళకండి. ముందే రెండు సైన్యాలు సర్ది, రోమ్ పడిన మర్నాడే కాపువా పడేలా చూసుకోండి. స్కిపీల బలం అక్కడే. అది కూడా చేయలేకపోతే ఆగడమే మంచిది.

అర్రేటియం_వాసి:
నిన్న రాత్రి వెళ్ళిపోయాను.

క్రీ.పూ. 235 వేసవి. మా పెద్దాయన (కుటుంబ నాయకుడు) ప్రాణం తీసుకోవాలని సెనేట్ కబురు పంపింది, కాదన్నాను. అంతకుముందే ఇద్దరు గూఢచారులని రోమ్ లోపల పెట్టి ఉంచాను. ముట్టడి వేసిన టర్నులోనే గేటు తెరుచుకుంది, గోడ ఎక్కే పనే పడలేదు. వీధి ఇరుకు, హస్తాటీలు రెండు యూనిట్లే పట్టాయి. సెనేట్ ట్రయారీలు కూడలిలో ఈటెలు ముందుకు పెట్టి నిలబడ్డారు. ఎదురుగా పోతే ఒక్క యూనిట్ కూడా మిగలదనిపించి, హస్తాటీలని ఇరవై అడుగుల దూరంలో ఆపి పైలాలన్నీ వేయించాను. ఈలోపు ప్రిన్సిపేలు పక్క వీధిలోంచి చుట్టి వెనకాలకి వచ్చారు. అరనిమిషంలో ట్రయారీల జెండా తెల్లబడింది, పారిపోయారు. నాది 1,100 మంది పోయారు, ఎక్కువే. ప్రిన్సిపే యూనిట్ ఒకటి 160 నుంచి 38కి దిగింది. ప్యాలెస్ ఇంకా కట్టలేదు కాబట్టి దాన్ని రోమ్‌లోనే నింపుకుంటున్నాను.

లెగాటస్ గారు చెప్పిన రెండో సైన్యం ఒక టర్ను వెనకబడింది, దారిలో వంతెన దగ్గర చిన్న దండు ఆపింది. ఈలోపు కాపువా నుంచి స్కిపీల పూర్తి సైన్యం ఒకటి బయటికొచ్చింది, తీరం వెంబడి ఓడలు కూడా కనిపిస్తున్నాయి. మూడో_వరుస గారూ, రోమ్ గోడల వెనకే ఉండి వాళ్ళని రానివ్వమంటారా, లేక వంతెన దాటేలోపు బయటే కలుసుకోమంటారా? సేవ్ పెట్టి కూర్చున్నాను.

మూడో_వరుస:
వంతెన మీదే. ఇవాళే. ట్రయారీలని వంతెన చివర పెట్టండి, వెలైట్స్‌ని (తేలిక ఈటెలు విసిరేవాళ్ళని) రెండు పక్కలా ఒడ్డున.