వైజాగ్ బీచ్ రోడ్డు సైకిళ్ల మీద: ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పోవచ్చా? అమ్మ కూడా వస్తోంది

కూకట్‌పల్లి సైకిల్:
అందరికీ నమస్తే. క్రిస్మస్ సెలవులకు వైజాగ్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే బాబు, మా అమ్మ. ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి భీమిలి దాకా సైకిల్ మీదే పోవాలని మావాడు పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, దాని మీద తొక్కి తొక్కి అలవాటైపోయాడు కాబట్టి దూరం గురించి భయం లేదు, కానీ అక్కడ నీడ ఉంటుంది, బండ్లు రావు, బీచ్ రోడ్డు మీద నీడ ఉండదు, బండ్లు వస్తాయి కాబట్టే నా టెన్షన్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కాసేపు నడిస్తే కాసేపు కూర్చోవాలి. అయినా ఆమెను హోటల్ రూమ్‌లో కూర్చోబెట్టి మేం తిరగడం నాకు ఇష్టం లేదు. ఏ టైమ్‌కి బయల్దేరాలి, ఎక్కడెక్కడ ఆగాలి, సైకిళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మణికొండలో వైజాగ్ పిల్ల:
తప్పకుండా వెళ్లండి అన్నయ్యా, కానీ ప్లాన్ తిరగేయండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి కాదు, భీమిలి నుంచి వైజాగ్ వైపు తొక్కండి. మనం రోడ్డుకి ఎడమ పక్కన పోతాం కదా, భీమిలి నుంచి వస్తుంటే సముద్రం కూడా ఎడమ పక్కనే ఉంటుంది. బాబు ఎక్కడ ఆగుదామన్నా రోడ్డు దాటే పని లేదు. అటు నుంచి ఇటు రావడమే ఎందుకు మేలంటే ఇంకోటి, చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది. అదే ఏప్రిల్, మే నెలల్లో అయితే నైరుతి గాలి ఎదురు కొడుతుంది, అప్పుడు సిటీ నుంచి భీమిలికి పోవడమే నయం. పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లు అందులో వేసుకుని భీమిలి వెళ్లిపోండి, అక్కడ ఇడ్లీ తిని బయల్దేరి రుషికొండ దగ్గర ఆపేయండి. పదిహేను కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది, పిల్లాడికి ఒక పూటకి అది చాలు. సిటీ ముక్క వేరే రోజు పెట్టుకోండి.

దారిలో మీరు కచ్చితంగా ఆగాల్సింది ఎర్రమట్టి దిబ్బల దగ్గర. సైకిళ్లకి తాళం వేసి బయటే పెట్టి నడిచి వెళ్లండి, టైర్లు లోపలికి వద్దు. అది మామూలు ఎర్ర మట్టి కాదు, ఇసుక రేణువుల చుట్టూ ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది, వేల ఏళ్ల పాటు సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతుంటే గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న ఇసుక. 2014లో జియోలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. లోపలికి వెళ్తే వాన నీళ్లు కోసిన సందులు మనిషి ఎత్తు దాటి ఉంటాయి, గోడల్లోంచి చెట్ల వేళ్లు బయటికి వేలాడుతుంటాయి, వేలితో గీరితే పొడిలా రాలిపోతుంది. అంత సున్నితం. జనం అంచులెక్కి సెల్ఫీలు దిగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి బాబుని అంచులెక్కనివ్వకండి, గోడల మీద పేర్లు చెక్కనివ్వకండి.

దాని తర్వాత మంగమారిపేట. ఆటు సమయంలో వెళ్తే సముద్రం తొలిచిన రాతి తోరణం దగ్గరదాకా పోవచ్చు. పొద్దున పూట అదృష్టం ఉంటే అలివి వల లాగడం చూస్తారు, ఒడ్డున రెండు వరసల్లో మనుషులు తాళ్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ నెమ్మదిగా లాగుతారు, చివరికి వల సంచి ఇసుక మీదికి వచ్చేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అక్కడే రోడ్డుకి అటు పక్క తొట్లకొండ. బౌద్ధ విహారం, 128 మీటర్ల ఎత్తు, సైకిల్ మీద ఎక్కడం కష్టమే, అమ్మగారిని కారులో పైకి తీసుకెళ్లండి. సముద్రం అంత విశాలంగా ఇంకెక్కడా కనబడదు.

నల్లగండ్ల రైడర్:
రైలు సంగతి నేను చెప్తా అన్నా. సీటు దగ్గర సైకిల్ పెట్టనివ్వరు, పార్శిల్ ఆఫీసులో లగేజీ వ్యాన్‌కి బుక్ చేయాలె. టికెట్ జిరాక్స్, ఆధార్ జిరాక్స్ పట్టుకపో. పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి, గేర్ దగ్గర అట్టముక్క కట్టు, పేరు, ఫోన్ నంబర్ పెద్దగ రాసి అంటించు. బయల్దేరే టైమ్‌కి పోతే కాదు, ముందుగల్లనే పోవాలె. ఇంకోటి, ఉప్పు గాలికి చైన్ తొందరగా తుప్పు పడ్తది. రైడ్ అయిపోయిన రోజే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆయిల్ వెయ్యి, హైదరాబాద్ వచ్చినంక చూద్దాం అనుకోకు.

ఈసీఐఎల్ అత్తమ్మ:
మీ అమ్మగారి గురించి చెప్తాను బాబూ, నాకూ మోకాళ్లే. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున వాకర్ల కోసం వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా మనదే. ఫుట్‌పాత్ చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి గట్టు ఉంటుంది. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా మెల్లగా నడిస్తే చాలు. మన దగ్గరకన్నా అక్కడ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందు వస్తాడు, అలారం ఆ లెక్కన పెట్టుకోండి. సాయంత్రం కైలాసగిరికి రోప్‌వేలో ఎక్కించండి, మోకాళ్లకి పని లేదు. నీళ్లలోకి మాత్రం ఎవరూ దిగొద్దు, అక్కడ అల కింద లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోయారు.

కూకట్‌పల్లి సైకిల్:
అందరికీ చాలా థాంక్స్. భీమిలి నుంచి తొక్కుతాం, ఖాయం. సముద్రం ఎడమ పక్కన ఉంటుందన్న సంగతి బాబుకి చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు. చెల్లీ, రుషికొండ దాటాక ఆటోలో హోటల్‌కి రావాలా, తొక్కుకుంటూ రావచ్చా?

మణికొండలో వైజాగ్ పిల్ల:
తొమ్మిది లోపు రుషికొండ చేరితే సాగర్ నగర్ మీదుగా తొక్కుకుంటూ రావచ్చు అన్నయ్యా. అది దాటితే బస్సులు, టూరిస్టు కార్లు ఎక్కువైపోతాయి, కైలాసగిరి మలుపుల దగ్గర పిల్లాడితో అస్సలు వద్దు, ట్రాలీ ఆటో అతన్ని రుషికొండకే రమ్మని పొద్దున్నే చెప్పి పెట్టుకోండి.