110 గ్రాముల ప్రోస్టేటు: రోబోనా, లేజరా?

కపిలతీర్థం_రోడ్డు:
మా నాయన వయసు 71. ప్రోస్టేటు గ్రంథి 110 గ్రాములకు పెరిగిందని స్కానింగులో తేలింది. పోయిన నెలలో మూత్రం పూర్తిగా బిగిసిపోయి అర్ధరాత్రి గొట్టం వేయించవలసి వచ్చింది. ఆ తర్వాత రెండుసార్లు గొట్టం తీసి చూశారు గాని ప్రయోజనం లేకపోయింది. చెన్నైలో చూపిస్తే రోబోతో పొట్ట వైపు నుంచి తీస్తామన్నారు. ఇక్కడ తిరుపతిలో చూపిస్తే లేజరుతో మూత్రనాళం గుండానే తీయవచ్చన్నారు. నాయనకు మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు, రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు, షుగరు కూడా ఉంది. రక్తం పోవడం దేనిలో తక్కువ, గొట్టం ఎన్నాళ్లు ఉంచుతారు, ఖర్చులో తేడా ఎంత అన్నవి అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

పాకాల_అయ్యవారు:
నాకు రెండేళ్ల కిందట లేజరు చేశారు. నా గ్రంథి 90 గ్రాములు. అంతకు ముందు పాకాల నుంచి తిరుపతికి బస్సెక్కాలంటే దారిలో ఎక్కడెక్కడ దిగే వీలుందో లెక్క వేసుకొని మరీ ఎక్కేవాణ్ణి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో మా గది తలుపు తీసే సమయానికి నేను మరుగుదొడ్డిలో గోడ పట్టుకొని నిలబడి ఉంటే, ఇంటివాళ్లందరూ జనంతో పాటు ముందుకు వెళ్లిపోయిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆపరేషన్ అయిన రెండో రోజే గొట్టం తీసేశారు. ఆ ధార చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాను గాని, ఆ సంబరం దగ్గు వచ్చేదాకానే. దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా పంచె తడిసేది. ఆరు వారాల పాటు లోపల మెత్తని పాత గుడ్డ మడతపెట్టి కట్టుకొని, బయటికి వెళ్లేటప్పుడు సంచిలో మరో రెండు మడతలు పెట్టుకొని తిరిగాను. కింది కండరాలను బిగబట్టి వదిలే వ్యాయామం మూడు పూటలా చేయగా ఏడో వారానికి తగ్గింది. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేవాణ్ణి కాదు.

గ్రీంస్‌పేట_చిత్తూరు:
అయ్యవారు పడిన బాధ నేను ఒక్క రోజు కూడా పడలేదు. నాది 160 గ్రాములు, పైగా మూత్రాశయంలో మూడు రాళ్లు. గ్రంథినీ రాళ్లనూ రోబో ఒకే దెబ్బలో తీసేసింది. గొట్టం ఏడు రోజులు ఉంచారు, అదొక్కటే విసుగు. మనిషి చేయి వణుకుతుంది, రోబో చేయి వణకదు. గ్రంథిని వేళ్లతో సహా పెకలించేసింది కాబట్టి ఇక నాకు ప్రోస్టేటు అన్నదే లేదు, ప్రోస్టేటు క్యాన్సరు అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా మానేశాను. డబ్బుకు వెనకాడకుండా రోబోకే వెళ్లండి.

థియేటర్_27_ఏళ్లు:
నేను ఆపరేషన్ థియేటరులో 27 సంవత్సరాలు టెక్నీషియనుగా పనిచేసి విరమించినవాణ్ణి. గ్రీంస్‌పేట వారు రాసినదాన్ని చదివి ఊరుకోలేకపోతున్నాను. రోబో తనంతట తాను దేన్నీ కోయదు. పక్కనున్న యంత్రం దగ్గర కూర్చొని డాక్టరు తన వేళ్లు ఎలా కదిలిస్తే అది అలాగే కదులుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, మీ గ్రంథి మొత్తం పోలేదు. వయసుతో పెరిగే ఈ వాపుకు చేసే ఆపరేషన్, రోబోతో చేసినా లేజరుతో చేసినా, బత్తాయి తొనలను తీసి తొక్కను అక్కడే వదిలినట్టు ఉంటుంది. తొక్కతో సహా తీసేది క్యాన్సరు ఉన్నప్పుడు. మీకు మిగిలిన ఆ తొక్క భాగంలోనే ఎక్కువగా క్యాన్సరు పుడుతుంది. కాబట్టి పీఎస్‌ఏ మానేయడం పొరపాటు.

గ్రీంస్‌పేట_చిత్తూరు:
నా ఆపరేషన్ జరిగేటప్పుడు మీరు పక్కన నిలబడి చూసినట్టు రాస్తున్నారు. తీసిన ముక్కను నాకు గాజు సీసాలో చూపించారు, పిడికెడంత ఉంది. డబ్బు కట్టినవాడికి తెలియదా ఏం తీశారో?

థియేటర్_27_ఏళ్లు:
సీసాలో మీరు చూసినవి తొనలు. డిశ్చార్జి కాగితం తీసి చూడండి, 'సింపుల్ ప్రోస్టేటెక్టమీ' అని ఉంటే నేను చెప్పింది నిజం, 'రాడికల్' అని ఉంటే మీరు చెప్పింది నిజం.

మామిడితోట_పుత్తూరు:
మీ ఇద్దరి తగువు మధ్యలో ఎవ్వరూ ఎత్తని మాట ఒకటి నేను చెప్పాలి. నా వయసు 54. ఒక ఆసుపత్రిలో లేజరు చేయించుకున్నాను. ఆపరేషన్ తర్వాత సంసారంలో వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లిపోతుందని నాకు ఒక్కరూ ముందుగా చెప్పలేదు. ఇది చాలామందికి జరిగేదేనట, ప్రాణానికి వచ్చే ముప్పేమీ లేదట, పటుత్వం తగ్గదట. ఇవన్నీ నేను నెల రోజులు కుమిలిపోయిన తర్వాత వేరొక డాక్టరు చెప్పిన మాటలు. సంతకం పెట్టించుకున్న కాగితాల్లో అది ఉందంటారు. రేపు ఆపరేషన్ అనగా ఆ రాత్రి పదకొండు పేజీలు ఎవరు చదువుతారు?

పాకాల_అయ్యవారు:
నాకూ అంతే జరిగింది నాయనా, నా వయసులో దాన్ని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గ్రీంస్‌పేట_చిత్తూరు:
రోబోలో అలాంటిదేమీ ఉండదు.

థియేటర్_27_ఏళ్లు:
ఉంటుంది. తొనలు తీసిన ఏ పద్ధతిలోనైనా అది మామూలే. మీకు 160 గ్రాముల గ్రంథిలో తొనలు తీసినప్పుడు అది జరగకుండా ఉండే అవకాశం చాలా తక్కువ, చెప్పుకోవడానికి మొహమాటం అయితే అది వేరే సంగతి.

శ్రీకాళహస్తి_బైపాస్:
పెద్దవాళ్లు ఇలా మాట్లాడుకోవడం బాగాలేదు. రోబోకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని మా బావమరిది తరఫున అడుగుతున్నాను. మరొక మాట, ఆయన ప్రోస్టేటుకు టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నట్టు కంటి డాక్టరుకు చెప్పకుండా శుక్లాల ఆపరేషనుకు వెళ్లారు. ఆ మాత్ర వల్ల కనుపాప కండరం వదులై ఆపరేషన్ మధ్యలో ఇబ్బంది వస్తుందట, డాక్టరు ఆయన మీద చాలా కోప్పడ్డారు. ప్రోస్టేటు మాత్రలు వాడే ప్రతి ఒక్కరూ కంటి దగ్గరికి వెళ్లేటప్పుడు చెప్పాలి.

కపిలతీర్థం_రోడ్డు:
అందరికీ నమస్కారం. మా నాయన కళ్లు బాగానే ఉన్నాయి. ఆస్పిరిన్ గురించి నేను అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

థియేటర్_27_ఏళ్లు:
చెబుతాను. హోల్మియం లేజరు కోస్తూనే రక్తనాళాలను మూసేస్తుంది కాబట్టి రక్తం పలుచబడే మందులు వాడేవారికి డాక్టర్లు ఎక్కువగా దానివైపే మొగ్గుతారు. వెన్నుకు మత్తు సూది ఇచ్చి కూడా చేయవచ్చు. రోబోకు పూర్తి మత్తు ఇవ్వాలి, పొట్టలోకి గ్యాసు నింపి, తల కిందికి వాల్చి పడుకోబెట్టాలి. స్టెంటు ఉన్న గుండెకు అదంతా సరిపడుతుందో లేదో గుండె డాక్టరు చూడాలి. రోబో పనికిరాదని నేను అనడం లేదు. గ్రీంస్‌పేట వారికి ఉన్నట్టు రాళ్లు, మరీ పెద్ద గ్రంథి కలిసి ఉన్నచోట దానికి విలువ ఉంది. అయితే 110 గ్రాములు లేజరుకు ఎక్కువేమీ కాదు, చేతికి అలవాటైన డాక్టరు అయితే. ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు.

ఇంకొకటి. లేజరు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. హోల్మియం, థూలియం లేజర్లతో గడ్డను ఒలిచి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ తురిమి బయటికి లాగుతారు, ఆ తురుము బయాప్సీకి వెళ్తుంది. పచ్చ లేజరు గడ్డను ఆవిరి చేసేస్తుంది, పరీక్షకు ముక్క మిగలదు. మీకు చెప్పింది ఏ లేజరో అడగండి.

మామిడితోట_పుత్తూరు:
నాది ఏ లేజరో నాకే తెలియదు. ఇప్పుడు పాత కాగితాలు వెతకాలి.

రేణిగుంట_ప్లాట్‌ఫారం:
నీటి ధారతో గడ్డను కోసే యంత్రాన్ని కూడా రోబో అనే అంటున్నారు, అది పొట్ట మీద గాటు లేకుండా మూత్రనాళం గుండానే వెళ్తుంది. మా అన్నకు ఆ రెండింటికీ తేడా తెలియక ఫోనులో ఒకదాని ధర అడిగి, ఆసుపత్రికి వెళ్లాక మరొకదాని ధర విని వెనక్కి తిరిగి వచ్చాడు.

కపిలతీర్థం_రోడ్డు:
థియేటరు పెద్దాయనకు కృతజ్ఞతలు. గురువారం నాయనను గుండె డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తున్నాను. ఆయన సరేనంటే తిరుపతిలోనే హోల్మియం చేయించాలని అనుకుంటున్నాం. అయ్యవారూ, ఆ కండరాల వ్యాయామం ఆపరేషనుకు ముందు నుంచే మొదలుపెట్టవచ్చా?

పాకాల_అయ్యవారు:
గొట్టం ఉన్నప్పుడు వద్దన్నారు నాకు. మీ నాయనకు ఇప్పుడు గొట్టం ఉంది కాబట్టి డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పాత పంచెలు మాత్రం పారేయకండి.

గ్రీంస్‌పేట_చిత్తూరు:
డిశ్చార్జి కాగితం వెతికి చూశాను. 'సింపుల్' అనే ఉంది. ఈ ఉదయం పీఎస్‌ఏకు రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితం ఇక్కడ రాయను, అది నా సొంత విషయం.