మబ్బును చూసి వానను చెప్పడం పిల్లలకు ఎలా నేర్పాలి?

పర్లాకిమిడి టీచర్:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. నాలుగో తరగతి నుంచి ఏడు దాకా పద్నాలుగు మంది పిల్లలు. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా. ఇద్దరు సవర పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లకు ఇంటి భాష వేరే.

ఎందుకు అడుగుతున్నానో ముందు చెప్తాను. పోయిన మే నెలలో ఒక రోజు నాలుగున్నర ప్రాంతంలో పడమటి కొండల మీద పెద్ద తెల్లటి మబ్బు గోపురంలా లేచింది. పైభాగం చదునుగా పరుచుకుంది. అడుగున మాత్రం నల్లగా ఉంది. పిల్లలు పుస్తకాలు వదిలేసి చూస్తుంటే నేనూ వాళ్లతోపాటు నిలబడి చూశాను. ఎంత బాగుందో అన్నాను. మామూలుగానే ఐదింటికి వదిలేశాను. ఇరవై నిమిషాలు గడవకముందే ఈదురుగాలి, దుమ్ము, వెంటనే ఉరుములు. నలుగురు పిల్లలు జీడితోట దారిలో ఉన్నారు. తడవకుండా చింతచెట్టు కిందికి చేరారు. వాళ్లకు యాభై అడుగుల దూరంలో గట్టు మీది తాటిచెట్టు మీద పిడుగు పడింది. మొవ్వు కాలి పొగలు వచ్చాయట. దేవుడి దయ, పిల్లలకు ఏమీ కాలేదు. ఒకమ్మాయికి మాత్రం రెండు రోజులు చెవుల్లో హోరు తగ్గలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మబ్బు అరగంట సేపు నా కళ్ల ముందే ఉంది. అది ఏం చెప్తోందో నాకు తెలియలేదు.

తర్వాత బజారు నుంచి మబ్బుల చార్టు తెచ్చాను. పది రకాలు, పది బొమ్మలు. పిల్లలు రెండు రోజుల్లో సిర్రోస్ట్రాటస్, ఆల్టోక్యుములస్ అని గడగడా అప్పజెప్పారు. వీధిలోకి తీసుకెళ్లి పైకి చూపించి ఇదేమిటర్రా అంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. నిజం చెప్పాలంటే సగం నాకూ తెలియలేదు. పైగా ఆ చార్టులో సిర్రస్ కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో వాతావరణం మారుతుందని రాసి ఉంది. ఇక్కడ జూలైలో అవి దాదాపు రోజూ కనిపిస్తాయి. వాటి తర్వాత ఒక రోజు వాన, ఇంకో రోజు ఎండ. "టీచర్, చార్టు తప్పా, మబ్బు తప్పా?" అని ఐదో తరగతి పిల్లాడు అడిగాడు. ఏం చెప్పాలి? అసలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పిల్లలతో ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.

పాతపట్నం మాస్టారు:

అమ్మా, మీరు ఏటికి అటు, నేను ఇటు. ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మీరు ఆ రోజు చూసింది క్యుములోనింబస్. పైన చదునుగా ఉందన్నారు కదా, కమ్మరి దాగలిలా, అదే దాని గుర్తు. మన ప్రాంతంలో దాని తల పదిహేను కిలోమీటర్లు దాటి కూడా వెళ్తుంది. ఆ ఎత్తులో ఉన్నది నీరు కాదు, మంచు పలుకులు.

ముందు పేర్ల సంగతి. ఈ పేర్లు పెట్టినాయన లండన్‌లో మందులు తయారుచేసే ల్యూక్ హోవార్డ్. 1802లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. అవి లాటిన్ మాటలు. సిర్రస్ అంటే జుట్టు కుచ్చు. క్యుములస్ అంటే కుప్ప. స్ట్రాటస్ అంటే పొర. నింబస్ అంటే వాన మబ్బు. పిల్లలకు ఈ నాలుగు చాలు: కుచ్చు, కుప్ప, పొర, వాన. ఆల్టో అని వస్తే నడిమి ఎత్తు అని చెప్పండి. ఇప్పుడు చార్టు తీసి చదివించండి. క్యుములోనింబస్ అంటే కుప్ప వాన. నింబోస్ట్రాటస్ అంటే పొర వాన, మనం ముసురు పట్టిందంటామే, అది. వరికుప్ప చూడని పిల్లవాడు మన దగ్గర ఉండడు కాబట్టి ఇక బట్టీ అక్కర్లేదు.

రెండోది వేళ్ల కొలత. ఆకాశంలో చిన్న చిన్న ముద్దలు బారులు తీరి ఉన్నప్పుడు పిల్లలు తికమక పడతారు. చెయ్యి బారుగా చాపి, నడినెత్తి వైపు ఉన్న ముద్ద మీద చిటికెన వేలు పెట్టమనండి. ముద్ద వేలి వెనక దాగిపోతే అది సిర్రోక్యుములస్, బాగా ఎత్తులో ఉంది. వేలు దాటి బయటికి కనిపిస్తూ మూడు వేళ్ల వెడల్పు లోపల ఉంటే ఆల్టోక్యుములస్. అంతకన్నా పెద్దదైతే స్ట్రాటోక్యుములస్, కిందది. పిల్లల చెయ్యి పొట్టి, వేలూ సన్నం, కాబట్టి లెక్క పెద్దగా మారదు. సూర్యుడున్న వైపు మాత్రం చూడనివ్వకండి.

నల్ల మబ్బులో నల్ల నీళ్లు ఉంటాయని చాలామంది పిల్లలు నమ్ముతారు. దానికి పాత తెల్ల పంచె చాలు. కిటికీకి అడ్డంగా ఒక మడత పట్టండి, వెలుతురు వస్తుంది. రెండు, నాలుగు, ఎనిమిది మడతలు పట్టండి. బట్ట తెల్లదే, అయినా కింద కూర్చున్నవాళ్లకు నల్లగా కనిపిస్తుంది. మబ్బు మందం పెరిగితే ఎండ కిందికి దిగదు. అందుకే అడుగు నలుపు. అదే మబ్బును పక్క ఊరి నుంచి చూసేవాడికి పాలనురుగులా ఉంటుంది. మీకు గోపురం తెల్లగా, అడుగు నల్లగా కనిపించింది ఇందుకే.

ఇక మీ పిల్లవాడి ప్రశ్న. ఆ ప్రశ్న వేసినందుకు వాడి భుజం తట్టండి. చార్టు అబద్ధం చెప్పలేదు, కానీ అది లండన్ వైపు ఆకాశం. అక్కడ వెచ్చని గాలి, చల్లని గాలి వందల కిలోమీటర్ల పొడవున ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ముందు కుచ్చు మబ్బులు, తర్వాత పల్చటి పొర, తర్వాత మందపాటి పొర, ఆ తర్వాత వాన, ఇలా వరసగా దిగుతుంది. మనకు ఎండాకాలంలో వాన పైనుంచి అలా దిగదు, కింద నుంచి లేస్తుంది. వేడెక్కిన నేల గాలిని పైకి తోస్తుంది, కుప్ప పెరుగుతుంది. జూలైలో మీరు చూసే కుచ్చుల్లో చాలావరకు ఎక్కడో ఉరిమి చల్లారిన క్యుములోనింబస్ తల నుంచి విడిపోయి కొట్టుకొచ్చిన మంచు. అవి జరిగిపోయిన వానకు గుర్తు, రాబోయేదానికి కాదు.

ఇంకొకటి చూపించండి, ఇది నాకెంతో ఇష్టం. నైరుతి కాలంలో కింది మబ్బులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు పోతాయి. బాగా ఎత్తున గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. సందు దొరికిన రోజు కరెంటు స్తంభం కొసను గురిగా పెట్టుకుని చూస్తే ఒకే ఆకాశంలో రెండు పొరలు ఎదురెదురుగా నడుస్తుంటాయి. నా విద్యార్థి ఒకడు దాన్ని చూసి నోరు తెరుచుకుని పావుగంట నిలబడిపోయాడు.

మే నెల మధ్యాహ్నాలకు ఒక్క గుర్తు నేర్పండి. పదకొండింటికి చిన్న కుప్పలు, అడుగు చదును: భయం లేదు. ఒంటిగంటకు వెడల్పు కన్నా ఎత్తు పెరిగి కాలీఫ్లవర్‌లా గట్టి అంచులతో ఉబికితే కన్నేసి ఉంచాలి. ఆ గట్టి అంచు కరిగి, దూది పీకినట్టు పీచుపీచుగా మారితే పైన మంచు కట్టిందన్నమాట. ఆ క్షణం నుంచి అది పిడుగుల మబ్బే. ఎవరినీ ఇంటి నుంచి కదలనివ్వకండి.

గుణుపురం అమ్మ:

మాస్టారు చెప్పింది చదివి మా పాపతో పంచె ప్రయోగం ఇప్పుడే చేశాం. ఆరో మడతకే "అమ్మా, ముసురు పట్టింది" అంది.

చంద్రుడి చుట్టూ కట్టే గుడి గురించి కూడా చెప్పండి మాస్టారూ. "దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన" అని మా నాయనమ్మ అనేది. అందులో నిజముందా?

పాతపట్నం మాస్టారు:

సగం ఉందమ్మా. ఆ సామెత రెండు వేరు వేరు గుడులను విడదీసింది చూడండి, అది గొప్ప సంగతి. చంద్రుడిని అంటిపెట్టుకుని రంగులతో కనిపించే చిన్న గుడి పల్చటి మబ్బులోని నీటి బిందువుల వల్ల వస్తుంది. దూరంగా కట్టే పెద్ద గుడి సిర్రోస్ట్రాటస్‌లోని మంచు పలుకుల వల్ల వస్తుంది. చెయ్యి చాపి బొటనవేలు చంద్రుడి మీద పెట్టి జానెడు చాచితే చిటికెన వేలు దాదాపు ఆ వలయాన్ని తాకుతుంది. ఆకాశమంతా పొర పరుచుకుంటోందని అది చెప్తుంది. ఆ పొర మర్నాటికి మందమైతే వాన రావచ్చు, విడిపోతే రాదు. గుడిని ఒక్క రాత్రి చూసి తేల్చకూడదు.

సోనాపూర్ కుర్రాడు:

టీచర్ గారూ, మాది గంజాం జిల్లా, సముద్రం ఒడ్డు. మా వాడలో అందరం తెలుగే మాట్లాడతాం, వేట మా పని. మా అయ్య బడికి పోలేదు. మబ్బును విడిగా చూడకు, అది ఎటు పోతోందో, కింద గాలి ఎటు ఉందో రెండూ కలిపి చూడు అంటాడు. ఎండాకాలంలో మహేంద్రగిరి వైపు నల్లబడి, సముద్రపు గాలి ఉన్నట్టుండి ఆగిపోతే పడవ దించడు. ఒక్కసారి చల్లగాలి ఒడ్డు వైపు నుంచి కొట్టిందంటే వాన వెనకాలే ఉన్నట్టు. ఆ చల్లగాలి ఎందుకో మాస్టారు చెప్పాలి.

ఇంకో మాట. తుపానును మబ్బు చూసి చెప్పగలమని పిల్లలకు నేర్పకండి. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి దెబ్బ మాకు, శ్రీకాకుళానికి తగిలింది. మీ గజపతి జిల్లాలో ఆ తర్వాత పడిన వానకు కొండచరియలు విరిగి జనం పోయారు. తుపాను వచ్చేటప్పుడు హెచ్చరిక వినాలి, మబ్బు కోసం చూస్తూ కూర్చోకూడదు. మా ఇంట్లో వాతావరణ శాఖ మాట వినకుండా ఎవరూ వేటకు పోరు.

పాతపట్నం మాస్టారు:

మీ అయ్యకు నా నమస్కారం చెప్పు బాబూ. మబ్బులో వాన పడుతూ కొంత ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి వేడిని లాక్కుంటుంది. చల్లబడిన గాలి బరువెక్కి దబ్బున కిందికి పడి నేల మీద నలువైపులా పారుతుంది. మీకు ముందుగా తగిలేది అదే. తడిబట్ట కప్పిన కుండలో నీళ్లు చల్లబడటం కూడా ఇలాగే. టీచరమ్మా, ఇది పిల్లలకు కుండతోనే చూపించవచ్చు.

పర్లాకిమిడి టీచర్:

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. అందరికీ చేతులెత్తి దండం.

చార్టు తీసి లోపల పెట్టేశాను. ఒక్కొక్కరికీ నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చాను. రోజూ ట్యూషన్‌కు రాగానే ఐదు నిమిషాలు ఆకాశం బొమ్మ గీయాలి. గాలి ఎటుందో బాణం గుర్తు, కింద "వాన పడుతుంది" లేదా "పడదు" అని ఒక్క మాట. మర్నాడు దాని పక్కనే ఏం జరిగిందో రాయాలి. తప్పు పోతే కొట్టెయ్యకూడదు, అది అలాగే ఉండాలి. మొదటి వారం అందరూ నల్లగా కనిపించిన ప్రతి రోజూ వాన అని రాశారు, చాలా తప్పులు పోయాయి. రెండో వారానికి "నలుపు ఉంది కానీ అంచు గట్టిగా ఉంది", "పొర, కదలడం లేదు, సన్న వాన" లాంటి మాటలు వస్తున్నాయి.

కుచ్చు, కుప్ప, పొర అని తెలుగులో రాయించాను. మిగతా పిల్లలు వాటి పక్కన ఒడియా మాట, సవర పిల్లలిద్దరూ ఇంట్లో అడిగి వాళ్ల మాట రాశారు. ఆ నోటుబుక్కులు రెండూ చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే కదా.

ఉరుము లెక్క కూడా నేర్పాను. మెరుపు కనపడగానే ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. అయితే పిడుగు పది కిలోమీటర్ల దూరం నుంచి కూడా పడగలదు కాబట్టి ఉరుము వినపడితే చాలు, లోపలికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి అన్నది మా అరుగు రూలు. చెట్టు కిందికి పోకూడదన్నది అందరికన్నా ముందు చెప్పింది ఆ రోజు చెవులు హోరెత్తిన అమ్మాయే. నా ఫోన్‌లో పిడుగుల హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ పెట్టుకున్నాను. ఆకాశం మీద అనుమానం ఉన్న రోజు అది చూశాకే పిల్లలను వదులుతున్నాను.

మొన్న మంగళవారం నాలుగు గంటలకు పడమటి కుప్ప మళ్లీ లేచింది. "చార్టు తప్పా, మబ్బు తప్పా" అని అడిగిన పిల్లాడు నోటుబుక్కు వదిలి అరుగు చివరకు వెళ్లాడు. కాసేపు చూసి, "టీచర్, అంచు పీచుపీచుగా అయిపోతోంది" అన్నాడు. ఇళ్లకు ఫోన్లు చేసి ఆలస్యంగా వస్తారని చెప్పాను. ఆరుంబావు దాకా ఉరుములు. పిల్లలందరూ మా వరండాలో కూర్చుని మరమరాలు తింటూ సెకన్లు లెక్కపెట్టారు. ఒక ఉరుముకు తొమ్మిది వచ్చింది, తర్వాతిదానికి పన్నెండు, ఆ తర్వాత ఇరవై ఒకటి. దూరం పోతోందని వాళ్లే చెప్పారు.

మాస్టారూ, మీకు వీలైతే ఒక ఆదివారం మా అరుగుకు రండి. పిల్లలు మీకు వాళ్ల నోటుబుక్కులు చూపించాలంటున్నారు.

పాతపట్నం మాస్టారు:

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తానమ్మా. ఒక పాత గాజు సీసా, కాస్త ఐసు, అగరుబత్తి సిద్ధంగా ఉంచండి. సీసాలో వేణ్నీళ్లు పోసి, పొగ కొంచెం వదిలి, మూతి మీద ఐసు గిన్నె పెడితే లోపల మబ్బు కడుతుంది. పొగ లేకుండా ఒకసారి, పొగతో ఒకసారి చేద్దాం. తేడా ఎందుకు వచ్చిందో పిల్లలనే చెప్పనిద్దాం.