పాత వ్యాగనార్ హైవే మీద ఉన్నట్టుండి వేడెక్కింది, హెడ్డు దించాలంటున్నారు. దించాలా?

ఏపీ30_ఆమదాలవలస

అందరికీ నమస్కారం. బండి వ్యాగనార్, 2009 మోడల్, 1.1 పెట్రోల్, మీటరు మీద 1,12,000. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని మూడు వారాలు. నిన్న శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్తుంటే రణస్థలం దాటాక, ఏసీ వేసి 80లో ఉండగా, టెంపరేచర్ ముల్లు సగం నుంచి ఎర్రగీత దాకా రెండు నిమిషాల్లో ఎక్కీసింది. మొన్నటి వరకు సగం దాటిందే లేదు.

ఆపి బానెట్ ఎత్తితే రిజర్వ్ ట్యాంకులో నీళ్ళు అంచు దాకా వచ్చి బుడబుడమంటున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. బెల్టు బాగానే ఉంది, బ్యాటరీ లైటు వెలగలేదు, కింద కారిన జాడ లేదు. పై హోస్ చెయ్యి పెట్టలేనంత వేడి, రాయిలా గట్టిగా ఉంది. కింది హోస్ మాత్రం గోరువెచ్చన కూడా లేదు. గంట ఆగి క్యాప్ తీస్తే రేడియేటర్‌లో లీటరున్నర తక్కువుంది, రిజర్వ్ ట్యాంకు మాత్రం నిండుగానే ఉంది. దగ్గర్లో బోరు నీళ్ళు పోసి బయల్దేరితే ఎనిమిది కిలోమీటర్లకి మళ్ళీ అదే కథ.

ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, దాని మీద బిగించే హెడ్డుకీ మధ్య ఉండే పట్టీ) పోయింది, హెడ్డు దించాలంటున్నాడు. ఇంకో అతను థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసే వాల్వు) తీసి పారేసి తిరగమంటున్నాడు. ఇంకో సంగతి: పది రోజుల కిందట రేడియేటర్‌లో ఎర్రటి తుప్పు నీళ్ళుంటే, అవి దింపి కొత్త పచ్చ కూలెంట్ పోయించాను. ఎవరి మాట వినాలి?

ఏపీ35_స్పానర్

హెడ్డు దించకండి. అది చివరి పని. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది.

బండి ఎప్పుడు వేడెక్కిందన్నది ముందు చూడాలి. సిగ్నల్ దగ్గర, మార్కెట్ రోడ్డులో నిలబడ్డప్పుడు వేడెక్కి, కదిలితే తగ్గితే ఫ్యాను, రిలే, ఫ్యూజు, సెన్సార్ వైపు వెతకాలి. 80లో పోతున్నప్పుడు గాలి ఎదురుగా కొడుతూనే ఉంటుంది, ఫ్యాను లేకపోయినా బండి నడుస్తుంది. ఆ వేగంలో ముల్లు ఎక్కిందంటే నీళ్ళైనా తగ్గి ఉండాలి, ఉన్న నీళ్ళు తిరగకుండానైనా ఉండాలి. మీ ఫ్యాను ఎలాగూ తిరుగుతోంది, దాన్ని వదిలెయ్యండి. బెల్టు తెగి ఉంటే ముల్లుతోపాటు బ్యాటరీ లైటు కూడా వెలిగేది, ఎందుకంటే వాటర్ పంపుని, ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఆ ఒక్క బెల్టే.

ఇక హోసులు. పైది వేడి, కిందది చల్లన అంటే చాలామంది వెంటనే థర్మోస్టాట్ మూసుకుపోయిందని తేలుస్తారు. ఆ మాట అన్ని బండ్లకీ సరిపోదు. పై హోస్ ఇంజిన్ వైపు ఎక్కడ కలుస్తుందో చూడండి. ఆ చివర రెండు బోల్టుల చిన్న మూత కింద థర్మోస్టాట్ ఉంటే, అది మూసుకున్నప్పుడు వేడినీళ్ళు పై హోస్‌లోకే రావు, హోస్ రెండు చివరలా చల్లగానే ఉండాలి. మీది కాలిపోతోంది కాబట్టి థర్మోస్టాట్ తెరుచుకుంటోందనే లెక్క. అదే కింది హోస్ వైపు థర్మోస్టాట్ ఉన్న ఇంజినైతే, మూసుకుపోయినప్పుడు సరిగ్గా మీరు చెప్పినట్టే పైది వేడిగా, కిందది చల్లగా ఉంటుంది. అది ఏ వైపుందో చూసుకోకుండా హోసులు పట్టుకుంటే తప్పుదారి పడతాం. రేడియేటర్‌లో నీళ్ళు తక్కువున్నా ఆవిరి వల్ల పై హోస్ కాలుతుంది, అందుకే ఈ పరీక్షలన్నీ నీళ్ళు నిండా ఉన్నప్పుడే చెయ్యాలి.

రేపు ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ నిండా పోసి, హీటర్ నాబు పూర్తి వేడి వైపు తిప్పి స్టార్ట్ చెయ్యండి. ముల్లు సగానికి వచ్చాక లోపలికి వేడిగాలి గట్టిగా వస్తే పంపు నీళ్ళు తోస్తోంది. ఇంజిన్ కాలుతున్నా హీటర్ చల్లగాలే ఇస్తే వాటర్ పంపు లోపలి రెక్కల్ని తుప్పు తినేసి ఉండాలి, లేదా లోపల గాలి పట్టేసి ఉండాలి. తుప్పు నీళ్ళతో ఏళ్ళ తరబడి నడిచిన బండి కాబట్టి పంపుని అనుమానించడంలో తప్పు లేదు.

హీటర్ వేడిగా ఉండి కింది హోస్ చల్లగా ఉంటే, ఇంజిన్ ఆపి, ఫ్యాను ప్లగ్గు పీకి, రేడియేటర్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ దొరికితే ఇంకా మంచిది. ఒక పక్క 90 డిగ్రీలు, పక్కనే 45 డిగ్రీల మచ్చ కనిపిస్తే ఆ గొట్టాల్లో నీళ్ళు పోవడం లేదు.

కూలెంట్_కళింగ

పైన అన్నది సరైన వరస. గ్యాస్కెట్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఆ పేరు చెప్పి అనవసరంగా హెడ్డు దింపేవాళ్ళు చాలామంది.

రిజర్వ్ ట్యాంకులో బుడగలు వచ్చినంత మాత్రాన గ్యాస్కెట్ పోయినట్టు కాదు, నీళ్ళు మరిగినా బుడగలే వస్తాయి. తేడా తెలియాలంటే చల్లటి ఇంజిన్ మీదే చూడాలి. పొద్దున్నే క్యాప్ తీసి, నీళ్ళు మెడ దాకా నింపి స్టార్ట్ చెయ్యండి. మొదటి రెండు నిమిషాల్లోనే, నీళ్ళు ఇంకా చల్లగా ఉండగానే, సోడా సీసా విప్పినట్టు ఆగకుండా బుడగలు వస్తుంటే అది సిలిండర్‌లో మండిన గ్యాసు. క్యాప్ బిగించి స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ గట్టిపడినా అదే అర్థం. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే అది లోపల చిక్కుకున్న గాలి, కంగారు లేదు.

ఖాయం చేసుకోవాలంటే బ్లాక్ టెస్టర్ ఉన్న వర్క్‌షాపుకి వెళ్ళండి. గొట్టంలో నీలి రంగు ద్రవం పోసి రేడియేటర్ మెడ మీద పెట్టి ఆవిరి పీలుస్తారు. పెట్రోల్ బండికి అది పసుపు రంగులోకి మారితేనే గ్యాస్కెట్ మాట. రేడియేటర్ నీళ్ళు ఆ గొట్టంలోకి పోకుండా, ముందే రెండంగుళాలు తగ్గించి పెట్టాలి, లేకపోతే పరీక్ష చెడిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసినప్పుడు మూడు గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం తోమినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్ళు పోతున్నాయి. సిలిండర్ల ప్రెషర్ కొలిచే కంప్రెషన్ పరీక్షలో పక్కపక్క రెండు సిలిండర్లు రెండూ తక్కువుంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలింది. ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు మాత్రం ఒక్కటే చూసి తేల్చకండి, వానాకాలంలో దగ్గర దూరాలు తిరిగే బండికి అది మామూలే.

మీ వివరాల్లో నాకు బాగా తగిలింది రేడియేటర్ తక్కువ, రిజర్వ్ ట్యాంకు నిండుగా అన్న మాట. వేడికి బయటికి పోయిన నీళ్ళు చల్లారాక వెనక్కి పీల్చుకోవాలి. ఆ పని చేసేది క్యాప్ అడుగున మధ్యలో ఉండే చిన్న వాల్వు. దాన్ని గోటితో లాగి వదలండి, టక్కున మూసుకోవాలి. తుప్పుతో అతుక్కుని ఉంటే క్యాప్ పోయినట్టే. పెద్ద రబ్బరు వాచర్ మీద గీత పడి గట్టిపడినా అంతే. 0.9 అని రాసి ఉన్న క్యాప్ సరిగ్గా పట్టి ఉంచితే లోపల ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ వదిలేస్తే 100కే మరుగుతాయి. పాతదాని మీద ఉన్న అంకెదే కొత్తది వెయ్యండి, ఎక్కువ ప్రెషర్ క్యాప్ పెడితే పాత హోసులు, ప్లాస్టిక్ ట్యాంకు పగులుతాయి.

థర్మోస్టాట్ తీసేసి తిరగమన్న మాట వినొద్దు. ఇంజిన్ వేడెక్కక కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో పెట్రోల్ కలుస్తుంది. ఇన్నీ భరించినా మూసుకున్న రేడియేటర్ తెరుచుకోదు.

ఏపీ30_ఆమదాలవలస

అన్నీ చేశాను. చల్లటి ఇంజిన్‌లో నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోయాయి. హీటర్ బాగా వేడి. థర్మోస్టాట్ పై హోస్ చివరే ఉంది. తీసి గిన్నెలో దారంతో వేలాడదీసి మరిగిస్తే 82 దాటాక కదిలి, మరిగేసరికి పూర్తిగా తెరుచుకుంది. క్యాప్ మధ్య వాల్వు అతుక్కుపోయి ఉంది. రేడియేటర్ పైన మూడో వంతు కాలుతోంది, మిగతాది చెయ్యి పెట్టి ఉంచొచ్చు. పైనుంచి నీళ్ళ పైపు పెడితే కింది నుంచి సన్నటి ధార, మెడ దగ్గర పొంగిపోతోంది. ముందు రోజు దాకా బాగున్నది ఒక్కసారి ఎందుకిలా? విజయనగరంలో ఒకతను యాసిడ్ పోసి కడిగిస్తే సరిపోతుందంటున్నాడు.

ఏపీ35_స్పానర్

దొరికింది. రేడియేటర్ చోక్ అయింది, పైగా క్యాప్ పోయింది.

ఒక్కసారిగా జరిగినట్టు కనిపిస్తుంది గాని ఇది ఏళ్ళ పని. గొట్టాల్లో సగం ఎప్పుడో మూసుకుపోయి ఉంటాయి. మిగిలిన సగంతో ముల్లు సగంలోనే నిలబడింది, ఎందుకంటే థర్మోస్టాట్ ఇంకాస్త తెరుచుకుని లోటు సర్దేసింది. అది పూర్తిగా తెరుచుకున్నాక సర్దడానికి ఇంకేమీ మిగలదు. ఇంతలో మీరు పోయించిన కొత్త కూలెంట్ బ్లాకు గోడలకి పట్టిన తుప్పు పెచ్చుల్ని ఊడగొట్టింది. ఆ పెచ్చులు పోయి సన్నటి గొట్టాలకి అడ్డం పడ్డాయి. కూలెంట్ మంచిదే, దాని ముందు ఫ్లష్ చెయ్యకపోవడమే లోటు.

యాసిడ్ వద్దు. పాత ఇత్తడి రేడియేటర్లకి పై ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో రాడ్డు దించి శుభ్రం చేసేవారు, టంకం వేసి మళ్ళీ అతికేవారు. మీది అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకు. యాసిడ్ తుప్పుకంటే ముందు అల్యూమినియాన్ని తింటుంది, వారానికి కారడం మొదలవుతుంది. కొత్త రేడియేటర్ వెయ్యండి.

కాని కొత్తది బిగించే ముందు బ్లాకు కడగాలి. ఇది మానేస్తే మిగిలిన పెచ్చులన్నీ కొత్త రేడియేటర్‌లోకే పోతాయి. పాత రేడియేటర్ విప్పేశాక, థర్మోస్టాట్ తీసి ఉండగానే, పై హోస్ రంధ్రంలోంచి మామూలు ప్రెషర్‌తో నీళ్ళు వదలండి, కింది హోస్‌లోంచి ఎర్రగా వస్తాయి. తెల్లబడే దాకా ఆపొద్దు. తర్వాత తిరగేసి కింది నుంచి పైకి. హీటర్ పైపులు రెండూ విప్పి అదీ కడగండి. పనిలో పనిగా పంపు పుల్లీని పట్టుకుని ఊపండి, ఆట ఉన్నా, దాని కింది చిన్న రంధ్రం దగ్గర పచ్చటి మరక ఉన్నా ఇప్పుడే మార్చేస్తే మళ్ళీ నీళ్ళు దింపే పని ఉండదు. హోసులు నొక్కితే చిటపటమంటే అవీ మార్చండి.

బొబ్బిలి_డీజిల్

రేడియేటర్ విప్పుతున్నారు కాబట్టి ఒక్క మాట. దాని ముందున్న ఏసీ కండెన్సర్‌కీ దానికీ మధ్య సందు చూడండి. మన వైపు రోడ్ల మీద వరి నూర్చినప్పుడు, గోగునార ఆరబెట్టినప్పుడు ఆ పొట్టు, పీచు ఆ సందులో చేరి దూదిపరుపులా ఒత్తుకుంటాయి. ముందు నుంచి చూస్తే కనిపించవు, టార్చి వేసి పక్క నుంచి చూడాలి. కండెన్సర్‌ని ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడగాలి, అదీ మెల్లగా. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

భోగాపురం, కళింగపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి ఇంకో బెడద. గొట్టం చిల్లు పడదు గాని మధ్య రెక్కలు తెల్లటి పొడై రాలిపోతాయి. నీళ్ళు బాగానే తిరుగుతాయి, వేడి మాత్రం బయటికి పోదు. గోటితో గీస్తే రాలే రేడియేటర్ ఎంత కడిగినా పనికిరాదు.

బోరు నీళ్ళు అవసరానికి పోశారు, తప్పు లేదు. బ్లాకు కడిగేటప్పుడు చివరి విడత మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో కానివ్వండి. మన బోర్ల నీళ్ళు గిన్నెలో కాచితే అడుగున పట్టే ఆ తెల్లటి పొరే లోపలా పడుతుంది.

కూలెంట్_కళింగ

నింపడం గురించి. ఈ ఇంజిన్‌కి మొత్తం నాలుగు లీటర్ల ప్రాంతం పడుతుంది, కాని కడిగాక బ్లాకులో లీటరు దాకా నీళ్ళు మిగిలే ఉంటాయి. అప్పుడు సగం సగం కలిపి పోస్తే లోపల పలచబడిపోతుంది. అందుకే నీళ్ళు కలపని కాన్సన్‌ట్రేట్ కొని ముందు రెండు లీటర్లు అదే పోసెయ్యండి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే అది ముందే నీళ్ళు కలిపింది, ఈ లెక్కకి పనికిరాదు. మనకి మంచు పట్టే భయం లేదు కదా, ఉత్త నీళ్ళు చాలంటారు. తుప్పు ఆపే మందు ఉండేది కూలెంట్‌లోనే, మూడో వంతు కంటే తగ్గితే అది పని చెయ్యదు.

థర్మోస్టాట్ పెట్టేటప్పుడు దాని అంచున ఊగే చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండేట్టు పెట్టండి, గాలి అక్కడి నుంచే పోతుంది. థర్మోస్టాట్ మూత కింది గ్యాస్కెట్ కొత్తది వెయ్యండి. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీదకి ఎక్కించి, క్యాప్ తీసి, హీటర్ వేడి వైపు పెట్టి, స్టార్ట్ చేసి పై హోస్ నొక్కి వదులుతూ ఉండండి. బుడగ వచ్చిన కొద్దీ మట్టం తగ్గుతుంది, పోస్తూ ఉండండి. పై హోస్ వేడెక్కి నీళ్ళు మెడలోకి ఎగదన్నడం మొదలయ్యే లోపే కొత్త క్యాప్ బిగించెయ్యాలి. ఆ తర్వాత ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా నడపండి.

ఏపీ30_ఆమదాలవలస

చాలా థాంక్స్ అందరికీ. రెండుసార్లు ఎర్రగీత తాకింది కదా, హెడ్డు వంగి ఉంటుందా? వచ్చే వారం సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్ళే పనుంది.

ఏపీ35_స్పానర్

ముల్లు ఎక్కగానే ఆపారు కాబట్టి బతికే అవకాశమే ఎక్కువ, కాని అల్యూమినియం హెడ్డు కదా, వారం రోజులు కనిపెట్టుకుని ఉండాలి. రోజూ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి రేడియేటర్ మెడలో, రిజర్వ్ ట్యాంకు గీత దగ్గర మట్టం చూడండి. మొదటి రెండు రోజులు కాస్త తగ్గడం మామూలే, చిక్కుకున్న గాలి బయటికి పోతుంది. నాలుగో రోజు కూడా తగ్గుతూ, కింద చుక్క కనిపించకపోతే అప్పుడు బ్లాక్ టెస్టర్ దగ్గరికి వెళ్ళండి. అందులో తేలితే హెడ్డు దించాల్సిందే. దించినప్పుడు హెడ్డు అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఇనప బద్ద) పెట్టి, ఆ సందులో 0.05 మి.మీ. ఫీలర్ గేజి (సన్నటి కొలత రేకు) దూరుతోందేమో మీ కళ్ళ ముందు చూపించమనండి, దూరితేనే ఫేసింగ్, అంటే హెడ్డు అడుగు చెక్కి సమం చెయ్యడం.

కోరాపుట్ దారిలోని సుంకి ఘాట్‌కి ముందు నాతవలస దాకా ఒకసారి ఏసీ వేసుకుని 80లో పోయి రండి. ఆగిన వెంటనే కింది హోస్ పట్టుకోండి. వేడిగా ఉండాలి, పైదానికంటే కాస్త తక్కువ వేడిగా.