కపంపాంగన్ ప్రజల భారీ దీపాలు: వెలుగు ఎలా కదులుతుంది?

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లోని పంపాంగా ప్రావిన్సుకు చెందిన కపంపాంగన్ ప్రజలు శాన్ ఫెర్నాండో నగరంలో, క్రిస్మస్‌కు ముందు ప్రదర్శించే భారీ దీపాలలో వేలాది బల్బులు సంగీతానికి అనుగుణంగా వెలిగి ఆరుతాయి. కంప్యూటర్ సాయం లేకుండా అది ఎలా సాధ్యమో వివరించగలరా?

జవాబు 1: దీపం వెనుక పెద్ద ఇనుప పీపాలుంటాయి. బల్బుల నుంచి వచ్చే తీగల చివరన బిగించిన తలపిన్నులు ఆ పీపాలను తాకుతూ ఉండగా, మనుషులు వాటిని చేతితో తిప్పుతారు. ఇనుము తగిలినచోట బల్బు వెలుగుతుంది, టేపు అంటించినచోట విద్యుత్తు అందక ఆరిపోతుంది. కాబట్టి టేపు ముక్కల అమరికే ఆ వెలుగుకు స్వరలిపి. ఇంతటి నైపుణ్యాన్ని నేను మరెక్కడా చూడలేదు.

జవాబు 2: కపంపాంగన్ ప్రజల పట్టుదలను కూడా గుర్తించాలి. 1991లో పినతూబో అగ్నిపర్వతం బద్దలైన తరువాతి సంవత్సరాలలో, వర్షాలకు కొట్టుకొచ్చిన బూడిద బురద పంపాంగాలోని బకోలోర్ పట్టణ చర్చిని సగం ఎత్తు వరకు పూడ్చివేసింది. అయినా వారు దానిని విడిచిపెట్టలేదు. నాటి కిటికీలే నేడు ద్వారాలు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. 'పంపాంగ్' అంటే నది ఒడ్డు అని, వారి పేరు దాని నుంచే వచ్చిందని చదివాను.