అల్యూమినియం పొట్టు కరిగించేటప్పుడు ఉప్పు వాడుతున్నారా?

కరీమాబాద్_పోత: వరంగల్‌లో మాది చిన్న బట్టీ. పాత గిన్నెలు, కిటికీ ఫ్రేములు బాగానే కరుగుతాయి. లేత్ మిషన్ మీద చెక్కగా రాలే సన్న పొట్టు వేస్తే మాత్రం సగం బూడిదే. ఉప్పు చల్లమంటున్నారు. ఎవరైనా చేశారా అన్నా?

జనగామ_మూస: చేస్తున్నాం తమ్ముడూ. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర 2000 దాటినా కరగదు. పొట్టులో ప్రతి ముక్కకూ ఆ పొర ఉంటుంది కాబట్టి లోపల కరిగిన లోహం బయటికి రాదు. మేం మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడ్ దాదాపు సమానంగా కలిపి, కొంచెం క్రయోలైట్ (ఫ్లోరైడ్ ఉండే ఖనిజం) వేస్తాం. విడిగా అవి 801, 770 డిగ్రీల దగ్గర కరుగుతాయి, కలిస్తే 660 దగ్గరే. ఆ కరిగిన ఉప్పు ఆక్సైడ్ పొరను విడదీస్తుంది. గరిటె తిప్పుతుంటే బూడిద గుజ్జులోంచి వెండి చుక్కలు బయటపడి, ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి. పొగ పీల్చకండి, ఫ్లోరైడ్ ఉంటుంది.

హుజూరాబాద్_రాజన్న: తడి ఉప్పుతో జాగ్రత్త! పోయిన వానాకాలం చెమ్మెక్కిన బస్తాలోంచి ఒక్క గరిటెడు వేశాను. ఢామ్మని పేలి లోహం మోచేతి మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు రేకు మీద ఉప్పు చిటపటలు ఆగేదాకా వేయించాకే వాడతాను. గరిటె కూడా కాల్చే ముంచుతాను.

కాజీపేట_కెమిస్ట్రీ: ఎమ్మెస్సీలో నాకు చాలా ఇష్టమైన పాఠం ఇది. అల్యూమినియం తీయడానికి 1886లో హాల్, హెరౌల్ట్ అనే ఇద్దరు చేసింది కూడా ఇలాంటిదే: కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినాను, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌ను, కరిగించి కరెంటు ఇచ్చారు. నీళ్లలో కుదరదు, అల్యూమినియం కన్నా ముందు హైడ్రోజన్ వచ్చేస్తుంది. లిథియం, పొటాషియం క్లోరైడ్లు కలిపితే 350 దగ్గరే కరుగుతాయి. వాడేసిన అణు ఇంధనం నుంచి యురేనియం వేరు చేయడానికి 500 డిగ్రీల దగ్గర ఆ ద్రవమే వాడతారు. అల్యూమినియం క్లోరైడ్ జోలికి మాత్రం బట్టీ దగ్గర వెళ్లకండి. 180 డిగ్రీలకే ఆవిరైపోతుంది, గాలిలో తేమ తగిలితే ఆమ్లం పొగ. దాన్ని ద్రవంగా ఉంచాలంటే మూసిన పాత్ర, ఒత్తిడి కావాలి.

కరీమాబాద్_పోత: మరి మిగిలే ఉప్పు బూడిద? ఇక్కడ కొందరు చెరువు గట్టున పోస్తున్నారు.

జనగామ_మూస: దయచేసి వద్దు. ఉప్పు భూమిలోకి దిగితే బావుల నీళ్లు పాడవుతాయి. బూడిదలో నైట్రైడ్ (అల్యూమినియం, నత్రజని కలిసిన పదార్థం) ఉంటుంది, వాన పడితే అమోనియా ఘాటు కళ్లకు తగులుతుంది. పెద్ద ప్లాంట్లలో నీటితో కడిగి, ఆ నీళ్లు ఇగిరించి ఉప్పు మళ్లీ తీసుకుంటారు. మనం కనీసం తడవకుండా ఉంచుదాం. బిగుతుగా మూయొద్దు, గ్యాస్ పేరుకుంటుంది.

కరీమాబాద్_పోత: సరే అన్నా. రేపు వేయించిన ఉప్పుతో 10 కిలోల పొట్టు వేస్తా. బూడిద రేకుల షెడ్డు కిందే. ఎంత లోహం దిగిందో తూచి ఇక్కడే పెడతా.